కొండ దిగువారికి మడత చేతికర్ర

కొండ ఎక్కుట కష్టమనియు, దిగుట సులభమనియు మనలో చాలమంది అభిప్రాయము. ఎక్కునప్పుడు ఆయాసము వచ్చును, గుండె దడదడ కొట్టుకొనును, చెమట కారును. కావున కష్టమంతయు అక్కడనే ఉన్నదని తోచును. దిగునప్పుడు ఊపిరి హాయిగా ఆడును, మాటలు సాగును. కాని ఆ సమయముననే మోకాళ్ళు లోలోపల లెక్క వ్రాసికొనుచుండును. మరునాటి ఉదయము మంచము దిగబోవునప్పుడు ఆ లెక్కను మన ముందు పెట్టును. అలిపిరి మెట్ల దారిని నడచి దిగినవారును, అహోబిలమున ఉగ్రస్తంభము చూచి వచ్చినవారును, కేదారనాథము నుండి గౌరీకుండమునకు కాలినడకన చేరినవారును ఈ మాటను కాదనరని మా నమ్మకము.

ఆ మోకాళ్ళకు సాయపడు ఒక చిన్న వస్తువును గూర్చి నేడు మేము శ్రోతలకు కొన్ని మాటలు చెప్పదలచితిమి. అది గొట్టములు ఒకదానిలో ఒకటి దూరునట్లుగాని, మూడు ముక్కలుగా మడచునట్లుగాని చేసిన తేలికయగు చేతికర్ర. అంగళ్ళలో దీనిని ట్రెకింగ్ పోల్ అని పిలుచుచున్నారు. యాత్రకు పోవు కుటుంబములు బూట్లు, ఉన్ని దుస్తులు, వానకోటులు కొనుచు చివరకు ఈ కర్రల యొద్దకు వచ్చునప్పటికి డబ్బును ఓపికయు రెండును తరిగి యుండును. అందువలన చేతికి అందినది, అన్నిటికంటె చౌకయైనది, పెట్టెలో పట్టునది తెచ్చుకొందురు. చౌకగా కొనుటలో తప్పు లేదు. అయితే ఎక్కడ పొదుపు చేయవచ్చునో, ఎక్కడ చేయరాదో తెలిసి కొనవలెను.

మొదట, కర్ర నిజముగా మోకాలికి మేలు చేయునా అని అడుగువారికి సమాధానము చెప్పవలెను. ఆస్ట్రియా దేశమున సాల్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయమునకు చెందిన హెర్మన్ ష్వామెడర్ అను శాస్త్రజ్ఞుడును, ఆయన సహచరులును ఈ విషయమును కొలిచి చూచి 1999లో ప్రకటించిరి. ఎనిమిదిమంది పురుషులను 25 డిగ్రీల వాలుపై ఒకసారి వట్టి చేతులతోను, ఒకసారి రెండు కర్రలతోను దింపి, మోకాలి కీలుపై పడు బలములను పోల్చిరి. కర్రలతో దిగినప్పుడు ఆ బలములు 12 మొదలు 25 శాతము వరకు తగ్గినవి. పరీక్షింపబడినవారు ఎనిమిదిమందే యనియు, వారు ఆరోగ్యవంతులే యనియు మరువరాదు. అయినను, ఒక దినమున వేలకొలది అడుగులు దిగువానికి అడుగడుగున ఎనిమిదవ వంతు భారము తగ్గినను అది తక్కువ సంగతి కాదు.

కేదారనాథము లెక్కనే చూడుడు. గౌరీకుండము సముద్రమట్టమునకు దాదాపు 1,980 మీటర్ల ఎత్తున ఉన్నది. ఆలయము 3,583 మీటర్ల ఎత్తున ఉన్నది. 2013 జూన్ వరదలలో రాంబాడా ప్రాంతమున పాతదారి కొట్టుకొనిపోయిన పిమ్మట నది ఆవలి ఒడ్డున క్రొత్తదారి వేసిరి. అందుచేత పూర్వము 14 కిలోమీటర్లుగా ఉండిన నడక ఇప్పుడు 16 కిలోమీటర్లు దాటినది. దిగునప్పుడు మన శరీరమును 1,600 మీటర్లు క్రిందికి దింపునది మన తొడ కండరములును, మోకాళ్ళును. ఆ పనిలో కొంత భాగమును చేతులకును భుజములకును పంచి యిచ్చునదియే కర్ర. అంతకు మించి దానిలో మాయ లేదు.

"గౌరీకుండములోనే కర్రలు అమ్ముచుందురు గదా, ఇక్కడి నుండి మోసికొనిపోవుట ఎందులకు?" అని కొందరు అందురు. ఈ మాటలో సత్యము కలదు. అక్కడ ఇనుప మొనగల కొయ్యకర్ర స్వల్ప వెలకు దొరకును. ఎగువ అహోబిలములో వెదురుకర్ర చేతికిత్తురు. జీవితమున ఒకమారు పోయి వచ్చువారికి, మోకాళ్ళలో ఏ దోషమును లేనివారికి, ఆ కొయ్యకర్రయే చాలునని మా అభిప్రాయము. దానికి కీలు లేదు, కావున జారదు. విరుగునప్పుడు ముందుగా చప్పుడైనను చేయును. దాని లోపములు రెండే. మొదటిది, పొట్టివానికిని పొడుగువానికిని ఒకటే కొలత. రెండవది, తిరిగి వచ్చునప్పుడు దానిని రైలులో ఎక్కడ పెట్టవలెనో తెలియక హరిద్వారము స్టేషనులో వదలి వచ్చుట. ఏటేట ఏదో ఒక కొండకు పోవు అలవాటు ఉన్నవారికి, నలువది ఏండ్లు దాటి మోకాళ్ళు పలుకరించుచున్నవారికి, మడచి పెట్టెలో పెట్టుకొనదగిన కర్రల జత ఉపయోగకరము.

2023లో అలిపిరి నడకదారిలో చిరుతపులి భయము వలన దేవస్థానము వారు భక్తులకు చేతికర్రలు ఇచ్చినది శ్రోతలకు జ్ఞాపకముండును. అవి మనస్సునకు ధైర్యము చెప్పు కర్రలు. మేము చెప్పుచున్నవి మోకాలికి ధైర్యము చెప్పునవి.

ఇప్పుడు మాకు జరిగిన ఒక అనుభవమును చెప్పక తప్పదు. 2019లో మేము కుటుంబముతో కేదారనాథము పోయితిమి. మాతో అరువది రెండు ఏండ్ల మా మేనత్తగారు ఉండిరి. ఆమెకొరకు నగరములోని ఒక అంగడిలో మూడు ముక్కల కర్రల జత కొంటిమి. చూపునకు చక్కగా నల్లగా మెరయుచుండెను, చేతికి తేలికగా ఉండెను, పిడిమీద ఒక దిక్సూచి కూడ బిగించి యుండెను. వెల చాల తక్కువ. ఎక్కునప్పుడు ఏ ఇబ్బందియు కలుగలేదు. మరునాడు వాన వెలసిన వెంటనే దిగుచుంటిమి. భీంబలీ దాటిన తరువాత ఒక నిటారైన వాలులో అత్తగారు కుడిచేతి కర్రపై భారము మోపి అడుగు దింపుచుండగా, కర్ర క్రింది గొట్టము పై గొట్టములోనికి సర్రున దూరిపోయినది. ఆమె ప్రక్కకు పడి, నేలకు ఆనించిన చేయి మణికట్టు దగ్గర ఎముక చిట్లినది. మిగిలిన దారి నలుగురు మనుష్యులు మోయు దండీలో దిగవలసి వచ్చినది. కర్రకు పెట్టిన ఖర్చుకు దండీ ఖర్చు ఎన్ని రెట్లో లెక్కించుటకు ఆనాడు మాకు మనస్సు రాలేదు.

కట్టు కట్టించుకొని వచ్చిన తరువాత ఆమె అన్న మాట మాకు నేటికిని గుర్తున్నది: "కర్ర లేకపోతే నా జాగ్రత్తలో నేనుండేదాన్ని, నాయనా. దాన్ని నమ్ముకునే పడ్డాను."

చేతికర్ర కొనువారు గమనింపవలసిన ముఖ్య విషయమంతయు ఆ మాటలోనే ఉన్నది. ఊతము లేనివాడు నెమ్మదిగా దిగును, అవసరమైనచో కూర్చుండి దిగును. ఊతమున్నదని తలచినవాడు తన శరీరభారమును దానికి అప్పగించును. అప్పగించిన క్షణమున అది జారినచో, కర్ర లేకుండుటయే మేలు. కావున మడత కర్రలో ప్రాణము వంటిది దాని కీలు. తక్కిన అన్నిటిలో డబ్బు తగ్గించుకొనవచ్చును గాని, కీలులో తగ్గించుకొనరాదు.

ఈ కీళ్ళు ముఖ్యముగా మూడు విధములు. మొదటిది లోపలి మరబిగింపు. గొట్టమును కుడివైపునకు త్రిప్పినచో లోపలి మర తిరిగి, ప్లాస్టిక్ బిరడ ఉబ్బి, పై గొట్టపు లోగోడను ఒత్తుకొని నిలుచును. కేవలము ఆ ఒరపిడియే దాని బలము. దుమ్ము పడినను, తడి చేరినను, బిరడ అరిగినను పట్టు సడలును. సడలినట్లు బయటికి కనబడదు. మా మేనత్తగారి కర్ర ఈ జాతిదే. మంచి సంస్థలు చేసిన మరబిగింపులు ఏండ్ల తరబడి పనిచేయుచున్నవి గాని, మిక్కిలి చౌకలో దొరకు మరబిగింపును మేము నమ్మము. పైగా చలిలో చేతులు కొంకరలు పోయినప్పుడు వృద్ధులకు దానిని బిగించుట శ్రమ.

రెండవది బయటి మీటబిగింపు. గొట్టము చుట్టు ఒక పట్టీ, దానికొక మీట. మీట తెరచి, కొలత సరిచేసి, మూసినచో పట్టీ గొట్టమును పిడికిలివలె పట్టుకొనును. బిగింపు ఉన్నదా లేదా కంటికే తెలియును. మీట వదులైనచో ప్రక్కనున్న చిన్న మరను నాణెముతోనో, చిన్న స్క్రూడ్రైవరుతోనో అరచుట్టు త్రిప్పిన చాలును. మూయునప్పుడు బొటనవ్రేలితో కొంత గట్టిగా నొక్కవలసి వచ్చుట సరియైన బిగువునకు గుర్తు. చులకనగా మూతపడు మీట చులకనగానే వదలును. తక్కువ వెలలో కొనువారికి మా సలహా ఈ రకమే.

మూడవది గుడారపు కమ్మలవలె మడచునది. మూడు ముక్కలు లోపల ఒక గట్టి త్రాడుతో కూర్చబడి యుండును. పై ముక్కను లాగగా త్రాడు బిగిసి, ఒక చిన్న లోహపు బొత్తాము "టక్కు" మని బయటకు వచ్చి నిలుచును. ఇది అన్నిటికంటె చిన్నదిగా ముడుచుకొనును, వేగముగా తెరచుకొనును. కాని వీనిలో అనేకము ఒకే పొడవున నిలుచును, లేదా పై ముక్కలో మాత్రము పదిహేను ఇరువది సెంటీమీటర్లు మార్చుకొను వీలుండును. బొత్తాము దగ్గర బురద చేరకుండ చూచుకొనవలెను. త్రాడు ఒరసికొనిపోయినదేమో అప్పుడప్పుడు చూడవలెను.

కొనునప్పుడు ఒక పరీక్ష చేయవలెను. దీనికి సిగ్గుపడరాదు. కర్రను మీ కొలతకు తెరచి బిగింపుడు. కీలు దగ్గర, గొట్టము లోపలికి దూరు చోట, పెన్సిలుతో సన్నని గీత పెట్టుడు. మొనకు రబ్బరు తొడుగు వేసి, నేలపై నిటారుగా నిలిపి, రెండు చేతులతో పిడిని పట్టి మెల్లమెల్లగా శరీరభారమును దానిపై మోపుడు. ఇట్లు పదిసార్లు చేసి గీతను చూడుడు. వెంట్రుకవాసి కదలినను, బిగింపు సరిచేసి మరల చూడుడు. అప్పటికిని కదలినచో ఆ కర్రను అంగడివానికి తిరిగి యిచ్చివేయుడు. తపాలా మూలమునగాని, ఇంటర్నెట్టు అంగడి నుండిగాని తెప్పించుకొనువారు, తిరిగి పంపుటకు ఇచ్చిన గడువు దాటకముందే ఇంటిలో ఈ పరీక్ష చేయవలెను. యాత్రకు బయలుదేరు రాత్రి పొట్లము విప్పువారు మా వంటివారే!

ఇక మడచిన పొడవు మాట. మంచుపై జారు క్రీడకు కర్రలు చేయుచుండిన జర్మనీ దేశపు లేకీ సంస్థ 1974లో, పొడవు మార్చుకొనదగిన నడక కర్రను మకాలు అను హిమాలయ శిఖరము పేరుతో వెలువరించినది. మూడు గొట్టములు ఒకదానిలో ఒకటి దూరు ఈ రకపు కర్రలు మూసినప్పుడు సుమారు 60 మొదలు 68 సెంటీమీటర్లు ఉండును. త్రాడుతో మడచు రకము 35 మొదలు 40 సెంటీమీటర్ల వరకు వచ్చును. విమానములో ప్రయాణికులు తమతో తీసికొనిపోవు చిన్న పెట్టె ఎత్తు 55 సెంటీమీటర్లు మాత్రమే గనుక మొదటి రకము దానిలో పట్టదు. అయితే దీనికై చింతింపనక్కరలేదు. మొనగల కర్రలను విమానపు గదిలోనికి సాధారణముగా రానీయరు. వానిని సామానులో వేయు పెద్ద పెట్టెలోనే పెట్టవలెను, పెద్ద పెట్టెలో 65 సెంటీమీటర్ల కర్ర ఏటవాలుగా హాయిగా పట్టును. రైలులోను బస్సులోను పోవువారికి ఆ అడ్డంకియు లేదు. కాబట్టి కేవలము ఇంకొక జానెడు చిన్నదగునని రెండింతలు మూడింతలు వెలపెట్టి త్రాడు మడత రకమును కొనుట, వీపుసంచితో దినముల తరబడి నడచువారికి తగును గాని, మన యాత్రికులకు అవసరము కాదని మేము తలంచుచున్నాము.

లోహమును గూర్చియు రెండు మాటలు. చౌక రకములు అల్యూమినియపు మిశ్రమముతోను, ఖరీదైనవి కార్బను నారతోను చేయుదురు. అల్యూమినియపు కర్ర ఒక్కొక్కటి పావు కిలో అటునిటు తూగును. కార్బను కర్ర అంతకంటె కొంత తేలిక. కాని రాళ్ళ సందున ఇరికి ప్రక్కకు దెబ్బ తగిలినప్పుడు అల్యూమినియము వంగును, కార్బను పుటుక్కున విరుగును. వంగిన కర్రతో ఎట్లో దిగి రావచ్చును. వేయి రూపాయల లోపున ఒక్కొక్కటి దొరకు అల్యూమినియపు కర్రలలోనే మీటబిగింపు గలవి వెదకి చూచినచో దొరకును. కార్బను మడత కర్రలకు జతకు అనేక వేలు పోయవలెను. అల్యూమినియములోను 7075 అని గుర్తు వేసినది 6061 అని వేసినదానికంటె గట్టిది. జింకు కలిపిన ఆ మిశ్రమమునే విమానముల నిర్మాణమున వాడుదురు. పిడిలోని దిక్సూచి, కుదుపు తగ్గించు స్ప్రింగు మొదలగువానికి అదనముగా పైకము ఇయ్యవలదు. దిక్సూచితో కేదారనాథపు దారిలో పని యేమి?

పొడవు నిర్ణయించుట సులభము. మొన నేలపై ఆనించి పిడి పట్టుకొన్నప్పుడు మోచేయి మూలమట్టముగా, అనగా 90 డిగ్రీలలో ఉండవలెను. లెక్కలో చెప్పవలెనన్న, ఎత్తును 0.68తో గుణించుడు. 165 సెంటీమీటర్ల మనిషికి 112, 150 సెంటీమీటర్ల స్త్రీకి 102 సెంటీమీటర్లు వచ్చును. ఎక్కునప్పుడు దీనికి అయిదు మొదలు పది సెంటీమీటర్లు తగ్గింపవలెను, దిగునప్పుడు అంతే పెంచవలెను. మూడు గొట్టముల రకము మనకు అనుకూలమని మేము చెప్పుటకు ఇది రెండవ కారణము: ఒకే జతను ఇంటిలో భార్యయు భర్తయు, ఎత్తు చాలిన కుమారుడును తమ తమ కొలతకు మార్చుకొని వాడుకొనవచ్చును. అయితే గొట్టముపై ఆగుడని గుర్తువేసిన గీత దాటి ఎన్నడును లాగరాదు. గీత దాటినచో లోపల పట్టుటకు గొట్టమే మిగలదు.

పిడి సంగతి చేతిని బట్టి ఉండును. రబ్బరు పిడి చెమటలో చేతిని ఒరసి పొక్కులు లేపును. మెత్తని నురగపిడి మన ఎండలకు మేలు. బెండు పిడి ఇంకను మంచిది గాని వెల ఎక్కువ. మణికట్టు పట్టీని మాత్రము చాలమంది తలక్రిందుగా వాడుదురు. చేతిని పట్టీ క్రింది నుండి పైకి దూర్చి, పట్టీతో కూడ పిడిని పట్టుకొనవలెను. అప్పుడు భారము వ్రేళ్ళపై గాక పట్టీపై నిలుచును, పిడికిలి బిగింపక నడువవచ్చును.

మొనకు గట్టి టంగ్‌స్టన్ కార్బైడు ముల్లు ఉండును. మట్టిలోను, గులకరాళ్ళలోను అది దిగి నిలుచును. చెక్కిన రాతిమెట్లపైన అది జారి టకటక లాడును. అక్కడ రబ్బరు తొడుగు వేయవలెను. ఈ తేడా తెలియక బురదలో తొడుగుతోను, రాతిపై తొడుగు లేకను నడచువారిని మేము చాలమందిని చూచితిమి.

దిగునప్పుడు రెండు కర్రలను ముందుగా క్రింది మెట్టుపై ఆనించి, అవి నిలిచినవని చేతికి తెలిసిన తరువాతనే కాలు దింపవలెను. జనసమ్మర్దముగల తిరుమల మెట్లపై రెండు కర్రలు చాచి నడచిన వెనుకవారికి అపాయము. అక్కడ ఒకటి చాలును. ఒకే కర్ర వాడువారు నొప్పిగల మోకాలికి ఎదుటి చేతితో పట్టుకొనవలెను. కుడిమోకాలు నొప్పియైన ఎడమచేత కర్ర. గుఱ్ఱములు, కంచరగాడిదలు ఎదురగు కొండదారులలో లోయవైపు గాక కొండవైపున ఒదిగి, కర్రలను ఒంటికి దగ్గరగా నిలువుగా పట్టుకొనవలెను. మోకాలు వాచియున్నవారు, నడచుచుండగా మోకాలు చిక్కుకొని నిలిచిపోవువారు కర్ర కొనుటకు ముందు వైద్యుని చూడవలెను.

యాత్రనుండి వచ్చిన తరువాత గొట్టములను పూర్తిగా ఊడదీసి, గుడ్డతో తుడిచి, నీడలో ఆరబెట్టి, ఆరిన పిమ్మటనే కూర్చవలెను. తడితో మూసిన అల్యూమినియము లోపల తెల్లని పొడి కట్టి గొట్టములు అతుకుకొనిపోవును. కీలు సులభముగా తిరుగునని నూనెగాని, గ్రీజుగాని ఎన్నడును పూయరాదు. ఒరపిడితో నిలుచు కీలుకు నూనె శత్రువు. మరబిగింపు రకము ఎంత త్రిప్పినను పట్టక గిరగిర తిరుగుచున్నచో, లోపలి ముక్కను బయటికి లాగి, బిరడను వ్రేళ్ళతో కొద్దిగా త్రిప్పి ఉబ్బించి, మరల దూర్చి బిగించి చూడవలెను. అప్పటికిని పట్టకున్న దానిని కొండమీదికి తీసికొనిపోవలదు. పెరటిలో చిక్కుడుపాదుకు పందిరిగుంజగా పాతుకొనవచ్చును. మేము అట్లే చేసితిమి.

మా మేనత్తగారు మణికట్టు కుదిరిన రెండేండ్లకు మీటబిగింపుగల అల్యూమినియపు జత కొని, ఇంటి వసారాలో పదిసార్లు గాదు, ఇరువదిసార్లు భారము మోపి చూచి, దానితో శ్రీవారిమెట్టు దారిలో మెల్లగా ఎక్కి, మెల్లగా దిగి వచ్చిరి. ఆమె పెట్టెలో రబ్బరు తొడుగులు ఇంకొక జత ఎప్పుడును ఉండును. రాతిపై అవి త్వరగా అరిగిపోవును. అవి విడిగా కూడ దొరకును గనుక, కర్రలు కొనునప్పుడే ఒక జత అడిగి తీసికొనవలెను.